నాలుగేళ్ల పిల్ల చాక్లెట్ ఆగలేక తినేస్తే భవిష్యత్తు పోయినట్టేనా? ఈ వాల్టర్ మిషెల్ ఎవరు?

ఉప్పుగల్లు
మొన్న శనివారం మా పాప స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. పాప ఎల్‌కేజీ. కొత్తగా వచ్చిన కౌన్సెలర్ ఒక్కో పిల్లని విడిగా గదిలో కూర్చోబెట్టి, ముందు చాక్లెట్ పెట్టి, ‘నేను తిరిగొచ్చేదాకా తినకపోతే ఇంకోటి ఇస్తా’ అని బయటికి వెళ్లిందట. మా పాప 40 సెకన్లలో తినేసింది. రిపోర్ట్ కార్డులో ‘సెల్ఫ్ కంట్రోల్: బిలో యావరేజ్’ అని రాసి చేతిలో పెట్టారు. స్లైడ్ మీద ఓ పెద్దాయన ఫోటో, కింద వాల్టర్ మిషెల్ అని పేరు. ఆగిన పిల్లలు పైకొస్తారు, ఆగనివాళ్లు వెనకబడతారు అని ఈయన ఎప్పుడో తేల్చేశాడట.
ఇంటికొచ్చాక మా అత్తగారు ‘దానికి నీ నోరే వచ్చింది’ అన్నారు. ఆ బాధ వేరే.
ఇందులో నిజమెంత? చదివినవాళ్లు చెప్పండి. వాట్సాప్ ఫార్వర్డులు వద్దు, ఇప్పటికే చాలా వచ్చాయి.

గోంగూర_గన్నయ్య
40 సెకన్లు ఆగిందా! దండం పెట్టాలి. పెళ్లి పంక్తిలో పక్కవాడి ఆకులో నెయ్యి పడేలోపే నా బూరె అయిపోతుంది.

డల్లాస్_బాబాయి
నవ్వులాట కాదండీ. అది మామూలు టెస్ట్ కాదు, స్టాన్‌ఫర్డ్‌లో చేసింది. ఎక్కువసేపు ఆగిన పిల్లలకి పెద్దయ్యాక అమెరికాలో కాలేజీ సీటు కోసం రాసే శాట్ పరీక్షలో 210 పాయింట్లు ఎక్కువొచ్చాయని చదివాను. మావాడికి నాలుగో ఏట నేనే చేసి చూశా. కదలకుండా కూర్చున్నాడు. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు.

చింతచిగురు
మీవాడు కదలకుండా కూర్చుంది మీరు గుమ్మం పక్కన నిలబడ్డారనేమో బాబాయ్ :)

డల్లాస్_బాబాయి
నిలబడలేదమ్మా. కిటికీలోంచి చూశా.

పాతపుస్తకం
210 సంగతి తర్వాత చూద్దాం. ముందు మనిషి ఎవరో చెప్తా, ఎందుకంటే ఆ స్లైడ్ చూపించినవాళ్లకి ఈయన గురించి తెలిసుంటే ఆ కార్డు రాసేవాళ్లు కాదు.

మిషెల్ సైకాలజిస్టు. పుట్టింది 1930లో, ఆస్ట్రియాలోని వియన్నాలో. యూదుల కుటుంబం. ఫ్రాయిడ్ ఇల్లు వాళ్లింటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. 1938లో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నాక అక్కడ బతకలేని పరిస్థితి. ఇంట్లో పాత కాగితాల్లో తాతగారి అమెరికా పౌరసత్వ పత్రం బయటపడింది. తాత ఎప్పుడో కొన్నాళ్లు అమెరికాలో ఉండి తిరిగొచ్చినవాడు. ఆ కాగితం పుణ్యాన దేశం దాటారు, చివరికి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో తేలారు. వియన్నాలో దర్జాగా బతికిన తండ్రి అక్కడ చిన్న చిల్లర సామాన్ల కొట్టు నడుపుకున్నాడు, మళ్లీ పాత మనిషి కాలేకపోయాడు. ఎప్పుడూ నలతగా ఉండే తల్లి మాత్రం అక్కడికొచ్చాక గట్టిపడింది. మనుషులు అవే, ఊరు మారింది. ఎనిమిదేళ్ల పిల్లాడు ఇంట్లోనే ఇది చూశాడు. ఆయన తర్వాత రాసినదంతా ఇక్కడే మొదలైందని నాకనిపిస్తుంది.

ఇంకొకటి. అమెరికా వచ్చిన కొత్తల్లో, ఇంగ్లీషు ఇంకా పట్టుబడకముందే, బడిలో ఐక్యూ పరీక్ష పెట్టారు. మార్కులు తక్కువొచ్చాయి. టీచరమ్మ నిరాశపడింది. ఆ పిల్లాడే హార్వర్డ్‌లో పనిచేసి, 1962 నుంచి స్టాన్‌ఫర్డ్‌లో, 1983 నుంచి కొలంబియాలో ప్రొఫెసర్‌గా ఉన్నాడు. 2018 సెప్టెంబర్‌లో, 88వ ఏట పోయాడు.

ఉప్పుగల్లు
పాతపుస్తకం గారూ, థాంక్స్. ఆ ఐక్యూ ముక్క దగ్గర ఆగిపోయాను. సంగతి కనుక్కుని మళ్లీ వస్తా.

లెక్కలమాస్టారు
210 గురించి నేను చెప్తాను, అది నా సబ్జెక్టు.
1968 నుంచి 1974 దాకా స్టాన్‌ఫర్డ్‌లోని బింగ్ నర్సరీ స్కూల్లో 550 మందికి పైగా పిల్లల మీద ఈ పరీక్షలు జరిగాయి. తర్వాత ఎవరెలా ఉన్నారని వాకబు చేసి 1990లో పేపరు రాశారు, షోడా, మిషెల్, పీక్ అని ముగ్గురు. కోరిలేషన్ అంటే రెండు విషయాలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె, 0 అంటే సంబంధం లేదు, 1 అంటే పూర్తిగా ఉంది. ఆ పెద్ద పెద్ద కోరిలేషన్లు (శాట్ లెక్కల్లో 0.57, ఇంగ్లీషులో 0.42) వచ్చింది ఎంతమంది పిల్లల మీదో తెలుసా? 35 మంది. మిఠాయి కళ్లెదురుగా పెట్టి, ఏ చిట్కా చెప్పకుండా వదిలేసిన గుంపు మాత్రమే అది. వేరే పద్ధతుల్లో కూర్చోబెట్టిన పిల్లల్లో ఆ సంబంధం సరిగ్గా కనిపించలేదు. గుంపు చిన్నది, ఈ అంకెలు అసలుకన్నా పెద్దగా కనిపిస్తూ ఉండొచ్చని ఆ పేపర్లో వాళ్లే రాసుకున్నారు. జనం 210 గుర్తుపెట్టుకున్నారు, 35ని వదిలేశారు.
పైగా ఆ పిల్లలెవరు? ఎక్కువమంది యూనివర్సిటీ ప్రొఫెసర్ల పిల్లలు, అక్కడ చదువుకునేవాళ్ల పిల్లలు.

డల్లాస్_బాబాయి
మాస్టారూ, శాంపిల్ చిన్నదైతే ఫలితం అబద్ధమైపోతుందా?

లెక్కలమాస్టారు
అబద్ధమనలేదు. పెద్ద గుంపు మీద మళ్లీ చేసి చూడాలి అంటున్నా. చేశారు కూడా. 2018లో వాట్స్, డంకన్, క్వాన్ అనేవాళ్లు 900 మందికి పైగా పిల్లల లెక్కలు తీశారు. ముఖ్యంగా తల్లులకి డిగ్రీ లేని కుటుంబాల పిల్లల్ని చూశారు. పదిహేనో ఏట చదువుతో సంబంధం ఉంది, కానీ పాత దాంట్లో సగమే. ఇంటి పరిస్థితులు, పిల్లల మొదటినాటి తెలివితేటలు లెక్కలోకి తీసుకుంటే ఆ సగంలోనూ మూడింట రెండు వంతులు ఎగిరిపోయింది.
ఇంకోటి. ఆ పాత బింగ్ పిల్లలకే నలభై దాటాక ఆస్తులు, సంపాదన ఎలా ఉన్నాయని చూసిన పేపరు 2020లో వచ్చింది. నాలుగో ఏట ఎంతసేపు ఆగారన్నది దాదాపు ఏమీ చెప్పలేకపోయింది. ఆ పేపరు రాసినవాళ్లలో మిషెల్ పేరు కూడా ఉంది. పోయేముందు తన పేరుమీద చలామణీ అవుతున్న మాటని తనే పరీక్షకి పెట్టుకున్నాడు.

గోంగూర_గన్నయ్య
అంటే బూరె తిన్నవాడికీ ఇల్లు వస్తుందన్నమాట. ఈఎంఐ ఎలాగూ తప్పదు.

హెచ్ఆర్_పంతులు
ఇరవై ఏళ్లుగా రిక్రూట్‌మెంట్‌లో ఉన్నా, నా బాధ కూడా వినండి. మిషెల్ అంటే మార్ష్‌మెల్లో (ఈ పరీక్షలో పిల్లల ముందు పెట్టే మెత్తటి మిఠాయి) అనుకుంటారు గానీ మా రంగంలో ఆయన పేరు వింటే ఇప్పటికీ కొందరికి మంట. కారణం 1968లో వచ్చిన ‘పర్సనాలిటీ అండ్ అసెస్‌మెంట్’ అన్న పుస్తకం.
అందులో ఆయన చెప్పింది సింపుల్. వీడు నిజాయితీపరుడు, వాడు దూకుడు మనిషి అని పరీక్షలు పెట్టి ముద్ర వేస్తున్నారు కదా, ఆ మార్కులకీ ఆ మనిషి ఒక సందర్భంలో నిజంగా చేసే పనికీ కోరిలేషన్ చూస్తే మహా అయితే 0.30 దగ్గర ఆగిపోతోంది అన్నాడు. 1920ల్లో హార్ట్‌షోర్న్, మే అని ఇద్దరు వేలమంది బడిపిల్లల మీద చేసిన పనిని చూపించాడు. పరీక్షలో కాపీ కొట్టిన పిల్లాడే ఆటలో మోసం చేస్తాడని లేదు, ఇంట్లో అబద్ధం చెప్పినవాడు బడిలో దొంగతనం చేస్తాడనీ లేదు.
అంతకు ముందే 1965లో ఇంకో పేపరు. నైజీరియాకి టీచర్లుగా వెళ్లే పీస్ కోర్ (అమెరికా ప్రభుత్వ సేవా సంస్థ) వలంటీర్లని ముందుగా ఇంటర్వ్యూ చేసి, బోర్డు కూర్చుని మార్కులు వేశారు. అక్కడికెళ్లాక ఎవరు బాగా పనిచేశారని చూస్తే ఆ బోర్డు మార్కులకీ దానికీ పొంతన లేదు. వలంటీర్లు తమ గురించి తాము చెప్పుకున్న మామూలు జవాబులే అంతకన్నా నయం. మా ఇంటర్వ్యూ ప్యానెల్ వాళ్లకి ఇది చెప్తే నవ్వి టీ తెప్పించుకున్నారు.

వాసంతి_హనుమకొండ
పంతులు గారూ, అంటే మనిషికి గుణం అనేదే ఉండదన్నాడా? మా పెద్దమ్మ 70 ఏళ్లుగా పిసినారి. ఏ సందర్భంలోనైనా.

హెచ్ఆర్_పంతులు
చాలామంది అలాగే అర్థం చేసుకుని ఆయన మీద పడ్డారు. పర్సనాలిటీ సైకాలజీకి గొయ్యి తవ్వాడన్నారు. ఇరవై ఏళ్లు నడిచింది ఆ గొడవ. మనిషా, సందర్భమా అని.

లెక్కలమాస్టారు
ఇక్కడ ఎదుటివాళ్ల మాట కూడా చెప్పాలి, లేకపోతే ఏకపక్షం అవుతుంది. సీమోర్ ఎప్‌స్టీన్ అనే సైకాలజిస్టు 1979లో మంచి జవాబిచ్చాడు. ఒక్క రోజు ఒక్క పని చూస్తే 0.30 కాక ఇంకేమొస్తుంది? చాలా రోజుల పనులు కలిపి సగటు తీయండి, మనిషి స్థిరంగా కనిపిస్తాడు అన్నాడు. ఒక్క మ్యాచ్ చూసి బ్యాట్స్‌మన్ సంగతి చెప్పలేం, సీజన్ మొత్తం చూస్తే చెప్పగలం. అలాంటిదే.
1983లో ఫండర్, ఓజర్ ఇంకో మెలిక పెట్టారు. సందర్భమే గొప్పది అని చూపించిన పేరుమోసిన ప్రయోగాలు ఉన్నాయి కదా, పైవాడు చెప్తే మామూలు మనుషులు కూడా ఎదుటివాడికి కరెంటు షాకులు ఇస్తారని చూపిన మిల్‌గ్రామ్‌ది సహా, వాటి బలాన్నీ ఇదే కొలతలోకి మారిస్తే అవీ దాదాపు 0.40 దగ్గరే ఉన్నాయి. మరి మనిషిది చిన్నదీ, సందర్భానిది పెద్దదీ ఎలా అయ్యాయి? ఇంకా 0.30 అంటే పనికిరానిదేం కాదు. రెండు సమాన గుంపుల్లో 50-50 ఉండాల్సింది 65-35 అవుతుంది. మందుల పరీక్షలో ఇంత తేడా వస్తే పండగ చేసుకుంటారు.

వాసంతి_హనుమకొండ
అదీ. మా పెద్దమ్మ గెలిచింది.

పాతపుస్తకం
మీ పెద్దమ్మ పూర్తిగా గెలవలేదు వాసంతి గారూ. ఒక్క మాట అడుగుతా. మనవళ్లు వచ్చినప్పుడు కూడా పిసినారేనా?

వాసంతి_హనుమకొండ
... మనవడికి సైకిల్ కొనిచ్చింది. మా అమ్మ ఇప్పటికీ నమ్మలేకపోతోంది.

పాతపుస్తకం
ఇదే మిషెల్ తర్వాత పట్టుకున్నది. గుణం లేదని కాదు, గుణాన్ని ‘ఎంత’ అని కొలవకండి, ‘ఎప్పుడు’ అని అడగండి అన్నాడు. ‘ఇలా అయితే అలా’ అనే వరస ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది, ఆ వరసే వ్యక్తిత్వం. మనవాళ్లు ‘ఇంట్లో పులి, వీధిలో పిల్లి’ అని ఎప్పుడో అన్నారు. పులినీ పిల్లినీ కలిపి సగటు తీస్తే వచ్చే జంతువు ఎక్కడా ఉండదు.
దీన్ని ఊరికే అనలేదు. న్యూ హ్యాంప్‌షైర్‌లో వెడికో అనే వేసవి శిబిరం ఉండేది, ప్రవర్తన సమస్యలున్న పిల్లలకి. అక్కడ మిషెల్, తోటి పరిశోధకులు షోడా, రైట్‌తో కలిసి ఆరు వారాలు ఒక్కో పిల్లాణ్ణి వంద గంటలకి పైగా గమనించి రాసుకున్నారు. తోటివాడు ఏడిపించినప్పుడు ఏం చేశాడు, పెద్దవాళ్లు హెచ్చరించినప్పుడు ఏం చేశాడు, మెచ్చుకున్నప్పుడు ఏం చేశాడు, ఇలా. ఇద్దరు పిల్లలు మొత్తం మీద ఒకేలా కోపిష్టివాళ్లు. కానీ ఒకడు పెద్దవాళ్లు మందలిస్తే రెచ్చిపోతాడు, ఇంకొకడు తోటిపిల్లలు దగ్గరికొస్తే రెచ్చిపోతాడు. ఈ వరస రోజులు గడిచినా మారదు. 1994లో అచ్చయింది. మరుసటేడాది షోడాతో కలిసి దాన్నే సిద్ధాంతంగా రాశాడు.

చింతచిగురు
మా నాన్న ఆఫీసులో ఎవరినీ ఒక్క మాట అనరట. రిటైర్‌మెంట్ ఫంక్షన్లో ‘సార్ చాలా శాంతమూర్తి’ అని మైకులో చెప్తుంటే మా అమ్మ, నేను ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం. కూరలో ఉప్పు తక్కువైతే గిన్నె ఎగిరేది. ఎవరు నిజం నాన్న అని చిన్నప్పట్నుంచీ నాకు డౌటు. ఇద్దరూ నిజమే అని ఈ పోస్టు చదివాక మొదటిసారి అనిపించింది. కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. అర్థమైంది, అంతే.

హెచ్ఆర్_పంతులు
చిగురు గారూ, ఈ మాట నా దగ్గరికొచ్చే కంపెనీలు వినవు. మనిషిని నాలుగక్షరాల్లో వర్గీకరించే మైయర్స్-బ్రిగ్స్ టైపు టెస్ట్ కావాలంటాయి. ఆ నాలుగక్షరాల పరీక్ష తయారుచేసిన తల్లీకూతుళ్లు, బ్రిగ్స్, మైయర్స్, సైకాలజీ చదివినవాళ్లు కాదు. దానికన్నా ఐదు లక్షణాల కొలత (బిగ్ ఫైవ్) ఎంతో నయం. అందులో శ్రద్ధ, క్రమశిక్షణ అనే భాగం ఉద్యోగంలో పనితీరుతో అంతో ఇంతో కలుస్తుందని 1991లో బారిక్, మౌంట్ చాలా అధ్యయనాలు కలిపి చూపించారు. నేను మిషెల్ భక్తుణ్ణేం కాదు. ఆయన దెబ్బ కొట్టాడు కాబట్టే ఆ కొలతలు చేసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని మెరుగుపరిచారని నా అభిప్రాయం.

డల్లాస్_బాబాయి
అందరూ పుస్తకాల మీద పుస్తకాలు చెప్తున్నారు. నా ప్రశ్న సూటిగా ఉంది. ఆగడం మంచి అలవాటా కాదా? మా కాలంలో సంక్రాంతికి అరిసెలు డబ్బాలో పెట్టి పైన అటక మీద పెట్టేది మా నాయనమ్మ. పండగ దాకా ముట్టుకునేవాళ్లం కాదు. అందుకే ఇంతదాకా వచ్చాం.

చింతచిగురు
బాబాయ్, అటక మీద పెట్టిందంటేనే మీ మీద నమ్మకం లేదని కదా అర్థం!

పాతపుస్తకం
చిగురు గారు జోకేశారు గానీ మిషెల్ అసలు కనిపెట్టింది అదే. మీ నాయనమ్మ ఆయనకన్నా ముందే కనిపెట్టింది.
ఆ నర్సరీ ప్రయోగాల ఉద్దేశం ఏ పిల్ల గొప్పదో తేల్చడం కాదు. నాలుగేళ్ల పిల్ల ఏం చేస్తే ఆగగలుగుతుంది అన్నది. 1970లో ఎబ్బెసెన్‌తో కలిసి చేసినది చూడండి. తినుబండారాలు రెండూ కళ్లెదురుగా ఉంటే సగటున ఒక్క నిమిషమే ఆగారు. రెండూ కనపడకుండా తీసేస్తే 11 నిమిషాలు దాటింది. అవే వయసు పిల్లలు. మారింది పళ్లెం. తర్వాత 1972లో, ఎదురుగా ఉన్నా సరే ఏదైనా సరదా సంగతి తలుచుకోమంటే చాలాసేపు ఆగారు. ఆ తర్వాతి ప్రయోగాల్లో తినేదాన్ని మబ్బుతునక అనుకో, ఫోటో అనుకుని చుట్టూ ఫ్రేమ్ ఊహించుకో అన్నా కూడా. ఊరికే కూర్చున్న పిల్లలు కూడా వాళ్లంతట వాళ్లే పాటలు పాడుకున్నారు, కళ్లు మూసుకున్నారు, కాళ్లతో ఆడుకున్నారు.
అంటే ఇది పుట్టుకతో వచ్చిన సంకల్పబలం కథ కాదు. నేర్చుకునే చిట్కా. జీవితమంతా ‘ఒక్క మార్కుతో మనిషిని కొలవకండి’ అని మొత్తుకున్న మనిషి పేరు చివరికి ఒక్క మార్కు పరీక్షకి పెట్టేశారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

గోంగూర_గన్నయ్య
అటక సిద్ధాంతం. నోబెల్ నాయనమ్మకి.

లెక్కలమాస్టారు
ఆ తర్వాతి వాకబు కూడా మొదట్లో ప్లానులో లేదు. ఆయన ముగ్గురు కూతుళ్లూ ఆ నర్సరీలోనే చదివారు. భోజనాల దగ్గర ఫలానా అబ్బాయి ఏం చేస్తున్నాడు, ఫలానా అమ్మాయి ఎలా చదువుతోంది అని మాట్లాడుకుంటుంటే, ఆగిన సమయానికీ దీనికీ ఏదైనా లింకు ఉందా అని అనుమానం వచ్చిందట.

ఉప్పుచేప_72
సిగరెట్ కథ ఎవరూ చెప్పలేదే. ఈయన రోజుకి మూడు పెట్టెలు కాల్చేవాడు, పైపు అదనం. ఓ రోజు స్టాన్‌ఫర్డ్ ఆసుపత్రి వరండాలో లంగ్ క్యాన్సర్ ఒళ్లంతా పాకిన మనిషిని తోపుడు మంచం మీద తీసుకెళ్తుంటే చూశాడు. రేడియేషన్ కోసం ఛాతీ మీద గుర్తులు గీసి ఉన్నాయి. ఆ తర్వాత సిగరెట్ అనిపించినప్పుడల్లా ఆ బొమ్మనే కళ్లముందుకి తెచ్చుకునేవాడు. మూడేళ్ల కూతురితో ఒప్పందం కూడా: నువ్వు వేలు చప్పరించడం మానెయ్, నేను పైపు మానేస్తా. ఇద్దరూ మానేశారు. నేను 2016లో మానేశా, మళ్లీ మొదలెట్టా, మళ్లీ మానేశా. నాకు మూడేళ్ల పాప లేదు, అదీ లోటు.

చెరకుతోట
నేను చాలా ఆలస్యంగా వచ్చా, కానీ అందరూ స్టాన్‌ఫర్డ్ దగ్గర మొదలెట్టారు. అసలు మొదలు కరీబియన్ దీవి ట్రినిడాడ్. పైగా అందులో మనవాళ్లున్నారు.
1956లో ఒహాయో స్టేట్‌లో పీహెచ్‌డీ చేశాడు, జూలియన్ రోటర్, జార్జ్ కెల్లీ దగ్గర. ఆ రోజుల్లో ట్రినిడాడ్ వెళ్లాడు, అక్కడి పూనకాల పూజల మీద పని కోసం. ఆ ఊళ్లో రెండు రకాల జనం. ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్ల సంతతి, చెరకు తోటల్లో పనికి కూలీ ఒప్పందం మీద మన దేశం నుంచి వెళ్లినవాళ్ల సంతతి. వాళ్లలో ఎక్కువమంది బీహార్, యూపీ వైపువాళ్లు, కొంతమంది మద్రాసు ఓడలెక్కినవాళ్లు. నేను చెరకుకూలీల వలసల గురించి చదువుతూ ఈ పేపరు మీద పడ్డాను.
ఒకళ్లనొకళ్లు ఏమనుకునేవాళ్లంటే, ‘ఇండియన్లు పైసా పైసా పరుపు కింద దాచుకుంటారు, బతకడం రాదు’ అని ఆఫ్రికా సంతతివాళ్లు. ‘వాళ్లు ఈ రోజు సంగతే చూసుకుంటారు, రేపటి గురించి ఆలోచించరు’ అని ఇండియన్లు. మిషెల్ బడికి వెళ్లి పిల్లల్ని అడిగాడు, ఇప్పుడు ఒక చిన్న మిఠాయి కావాలా, వచ్చే వారం పెద్దది కావాలా. 1958లో అచ్చయింది. తేడా కనిపించింది నిజమే. కానీ లోపలికి చూస్తే ఇంట్లో తండ్రి ఉన్నాడా లేడా అన్నదాంతో ముడిపడి ఉంది. మాట ఇచ్చి నిలబెట్టుకునే పెద్దమనిషి ఇంట్లో లేకపోతే, తెల్లతోలు కొత్తమనిషి ‘వచ్చే వారం తెస్తా’ అంటే పిల్ల ఎందుకు నమ్మాలి?

వాసంతి_హనుమకొండ
ఇది చాలా బాగుంది చెరకుతోట గారూ. అంటే అది ఓపిక పరీక్ష కాదు, నమ్మకం పరీక్ష.

చెరకుతోట
కొంతవరకు. ఇదే మాటని చాలా ఏళ్ల తర్వాత, 2013లో, అమెరికాలోని రోచెస్టర్‌ యూనివర్సిటీలో సెలెస్ట్ కిడ్ బృందం నేరుగా పరీక్షించింది. ముందు పిల్లలకి ‘మంచి రంగులు తెస్తా’ అని కొందరికి తెచ్చారు, కొందరికి ‘సారీ, లేవు’ అన్నారు. ఆ తర్వాత మార్ష్‌మెల్లో. మాట నిలబెట్టుకున్న పెద్దవాళ్ల దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్ల దగ్గర 3 నిమిషాలు. చిన్న గుంపే, 28 మంది. మాస్టారు ఊరుకోరని ముందే చెప్తున్నా.

లెక్కలమాస్టారు
ఊరుకోను. 28 చిన్నదే. అయినా నాలుగు రెట్ల తేడా అంటే కొట్టిపారెయ్యలేం. నాకు నచ్చింది.

పాతపుస్తకం
కామెరూన్‌లో ఎన్సో అనే జనం పిల్లల మీద 2017లో చేసినదీ ఉంది. నాలుగేళ్ల పల్లెటూరి పిల్లలు, దాదాపు 70 శాతం మంది చివరిదాకా ఆగారు. అదే జర్మనీ పిల్లల్లో 30 శాతం కూడా లేరు. ఆ లెక్కన ప్రపంచాన్ని ఏలాల్సింది ఎవరో డల్లాస్ బాబాయి గారే చెప్పాలి.

డల్లాస్_బాబాయి
సరే సరే, శాట్ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆగడం మంచిదే అన్నమాట మాత్రం తీసుకోను. మిషెల్ కూడా అది కాదనలేదు కదా.

పాతపుస్తకం
కాదనలేదు. నేర్పొచ్చు అన్నాడు. 2013లో సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ షో వాళ్లకి సలహాలిచ్చి, అందులో బిస్కెట్లు కనపడితే ఆగలేని కుకీ మాన్‌స్టర్ అనే రాక్షసుడికే ఆగడం నేర్పించే ప్రయత్నం చేశాడు. ఇక్కడ మీరూ ఆయనా ఒకటే పక్షం.

ఉప్పుగల్లు
వచ్చాను. రెండ్రోజులు ఇంట్లో దీని మీదే గొడవ.
ఒక సంగతి మొదటి పోస్టులో చెప్పలేదు, అవసరమనిపించలేదు. పాప మొన్నటిదాకా మా అమ్మ దగ్గర ఊళ్లో పెరిగింది, జూన్‌లోనే ఇక్కడికి తెచ్చుకున్నాం. ఇంగ్లీషు ముక్క రాదు. నిన్న రాత్రి అన్నం పెడుతూ నెమ్మదిగా అడిగాను, ఆ రోజు చాక్లెట్ ఎందుకు తినేశావమ్మా అని. ‘మిస్సు తినమంది కదా’ అంది. ఏమందో చెప్పు అంటే, ‘ఈట్ అంది’ అంది. ‘డోంట్ ఈట్’ అనే ఉంటుంది. దీనికి ఈట్ ఒక్కటే తెలుసు, రోజూ టిఫిన్ డబ్బా తియ్యగానే ఆయా అనే మాట అది.
ఫోన్ చేసి అడిగాను. అందరికీ ఇంగ్లీషులోనే చెప్పామన్నారు, రూల్ అదేనట.

చింతచిగురు
అయ్యో!! 40 సెకన్లు ఆగింది దేనికి మరి?

ఉప్పుగల్లు
అదీ అడిగాను. కాగితం ఊడట్లేదట.

గోంగూర_గన్నయ్య
ఇప్పటిదాకా నేను వేసిన జోకులన్నీ దీని ముందు దండగ.

చెరకుతోట
వియన్నా పిల్లాడి ఐక్యూ టెస్టే. ఎనభై ఏళ్ల తర్వాత.

హెచ్ఆర్_పంతులు
ఉప్పుగల్లు గారూ, ఊరికే వదలొద్దు. రాతపూర్వకంగా అడగండి. రెండు వాక్యాలు చాలు: సూచన పిల్లకి తెలిసిన భాషలో ఇవ్వలేదు, కాబట్టి ఆ లైను తీసేయండి. ‘మళ్లీ పరీక్ష పెట్టండి’ అని మాత్రం అడక్కండి. పెడితే ఇంకో మార్కు వేస్తారు.

లెక్కలమాస్టారు
పంతులు గారితో ఏకీభవిస్తున్నా, ఈ థ్రెడ్‌లో మొదటిసారి.

డల్లాస్_బాబాయి
అమ్మా, నేను మొదట రాసినదానికి ఏమనుకోవద్దు. పాపకి నా తరఫున ఇంకో చాక్లెట్ ఇవ్వండి. ఆగక్కర్లేదని చెప్పండి, తెలుగులో.

ఉప్పుగల్లు
అయ్యో, మీరేం అనలేదు బాబాయి గారూ. మెయిల్ పెట్టాను. కార్డులు ప్రింటైపోయాయి, సిస్టమ్‌లో మార్చడం కుదరదు, వచ్చే టర్మ్‌లో చూస్తామని జవాబొచ్చింది. మళ్లీ మెయిల్ పెట్టాను. సోమవారం నేనే వెళ్తున్నా, ఆయన కూడా సెలవు పెట్టారు.
మా అత్తగారికి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. అరిసెల డబ్బా అటక మీద పెట్టడం దగ్గర ‘అది మేమూ చేసేవాళ్లం’ అన్నారు. ‘నీ నోరే వచ్చింది’ అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

వాసంతి_హనుమకొండ
సోమవారం ఏమైందో ఇక్కడే రాయండి. మా పెద్దమ్మకి కూడా చెప్పాలి, ఆమె కూడా ఫాలో అవుతోంది. డేటా ప్యాక్ నాదే వాడుతోంది.